పోయొస్తానన్న పాప

ఆగస్టు 6, మంగళవారం

నర్సింగ్ కాలేజీ పిల్లోళ్లు మా ఊరు ఏర్పేడుకు వచ్చినారు. ఇంటింటికీ పోయి బీపీ చూస్తారంట. నా కొడుకు సుకుమార్ పోయిన నెల జ్వరమొచ్చి తిరుపతి ఆస్పత్రిలో సచ్చిపోయినాడని ఎవురో చెప్పినట్టుండారు, మా ఇంటికి వాళ్ల మేడమే వెంటబెట్టుకోని వచ్చింది. ఒక్కొక్కరే నా చెయ్యి పట్టుకోని, మీ బాధ అర్థమయితాదమ్మా అన్నారు. అందరూ అదే మాట. క్లాసులో నేర్పించినారంట. మేడం మార్కులేస్తా ఉండాది. నాకు ఊరికే ఆవలింతలు.

ఒక పాప మాత్రం గోడకానుకోని నిలబడింది. నిస్సీ అంట. నోరు తెరవలా. కడాకు గడప దాటతా, పోయొస్తానమ్మా అనేసింది.

పలకరింపుకొచ్చినోళ్లు ఎవురన్నా అంటారా ఆ మాట? చెప్పకుండా లేచి పోవాల. మా వదిన గురవమ్మ అంతెత్తున లేచింది. మళ్లా ఎవురి చావుకొస్తావు మే అనింది. మనుషులతో మాట్లాడేది నీకింకెప్పుడొస్తాదని మేడం గూడా అందరి ముందరే తిట్టింది.

ఆగస్టు 7

వదిన గడపకు పసుపునీళ్లు పోసింది.

ఆగస్టు 9, శుక్రవారం

నిస్సీ ఫ్రెండు గ్రేసీ బీపీ చూసేదానికి వచ్చింది. నిస్సీ కోర్సు మానేసి వాళ్ల ఊరు పలమనేరుకు పోతా ఉండాదంట. సుకుమార్ పోయిన పొద్దు వార్డులో పక్కన డ్యూటీలో ఉండింది అదేనమ్మా, అందుకే ఈడ దానికి మాట రాలా అనింది.

నేను ఇడ్లీకని కిందికి పోయినాను ఆ పొద్దు. పైకొచ్చేలోపల గుడ్డ కప్పేసినారు. కడాసారి వాడు ఏమన్నాడో ఎవుర్ని అడగాలో ఇన్నాళ్లూ తెలీలా. ఈ పాప పోతే ఇంక యాడ ఎతుక్కునేది?

ఆగస్టు 10

బస్సెక్కి వాళ్ల కాలేజీ హాస్టల్‌కి పోయినాను. పెట్టె సర్దేసుకోనుండాది పాప. వస్తానన్నావు గదా, రా అన్నాను. మీ వదిన తిడతాదేమో అనింది. తిడతాది, తిట్టి కాఫీ గూడా ఇస్తాది అన్నాను. నవ్వలా. వస్తాననీ అనలా.

ఆగస్టు 18, ఆదివారం

వచ్చింది. చర్చి నించి నేరుగా. వదిన తిట్టింది, కాఫీ ఇచ్చింది.

అడిగినాను. ఫ్యాను తగ్గించు సిస్టర్, చలిగా ఉండాది అన్నాడంట. తగ్గించి తిరిగేలోపల అయిపోయిందంట. నన్ను పిలిచినాడా పాపా అంటే, కాఫీ గ్లాసు కింద పెట్టింది. లేదమ్మా అనింది. ఇద్దరం ఏడ్చినాము.

రేపు డ్యూటీకి పోతాదంట.

ఆగస్టు 19

వాని పటం ముందర దుప్పటి పెట్టినాను. వదిన చూసింది. పోయి ఇంకోటి తెచ్చింది.