ఎవరి తాళం వాళ్ళే తీయాలి

నవంబరు 3, సోమవారం

నా సువార్త ఇవాళ పంతులమ్మ! ఇంకా పూర్తిగా కాదు... ట్రైనింగు. గీదం దారిలో ఉన్న చిన్న బడిలో నెల రోజులు పాఠాలు చెప్పాలి. మూడో వారంలో కాలేజీ మేడం వచ్చి ఒక పాఠం చూస్తుంది. బడి హెడ్మాస్టరు — అక్కడ బడే గురుజీ అంటారు — కాగితం మీద సంతకం పెడతాడు. అప్పుడు పాసు. అయినా నాకు ఇవాళే పంతులమ్మ. ఏడో తరగతితో చదువు ఆపేసి గనికి కొండెక్కినవాడి కూతురి చేతిలో చాక్‌పీసు! బస్సెక్కుతుంటే చెయ్యి ఊపాను. ఊపుతూనే ఉన్నాను. గేటు దగ్గర నుంచి మా ఆవిడ రత్నం — "బస్సు ఎల్లిపోయి సేనాసేపయింది, ఇంక చెయ్యి దించండి." దించలేదు.

నవంబరు 4

పాఠం బెడిసికొట్టిందట. ఫోన్లో హిందీ బొమ్మల వీడియో చూపించింది. పిల్లలు నవ్వారు, అది ఆగగానే మళ్ళీ నోళ్ళు మూత. "ఇళ్ళల్లో గోండీ నాన్నా. పానీ అంటే నా మొహం చూస్తారు. గ్లాసు ఎత్తి చూపిస్తే గానీ తెలీదు." అన్నం కలిపి అలాగే కూర్చుంది.

పోనీలే అనలేదు నేను. రిటైరయ్యేదాకా ముప్పై ఆరేళ్ళు గనిలో కన్వేయర్ బెల్టు దగ్గర ఫిట్టర్ని. బెల్టు తెగితే తెగిందని కూర్చున్నామా? "అతకాలమ్మా, అతకాలి" అన్నాను. గట్టిగానే అన్నాను, పక్కింటివాళ్ళు తలుపు తీసి చూశారు.

నవంబరు 7, శుక్రవారం

అతికింది! ఏం బుర్ర, ఏం బుర్ర నా బిడ్డది!

పిల్లలందరినీ ఇంటి నుంచి తలా ఒక వస్తువు తెమ్మంది. ఇప్పపూలు, ఆకు దొప్ప, చేపల బుట్ట, నాగలి ముక్క... వేటికవి ఫోటో తీసింది. తెచ్చిన పిల్ల చేతే దాని పేరు వాళ్ళ మాటలో చెప్పించి ఫోన్లో పట్టింది, ఆ వెనకే హిందీలో. ఇప్పుడు ఫోన్లో బొమ్మ ముట్టుకుంటే చాలు, ఆ పిల్ల గొంతే పలుకుతుంది. నేను పదిసార్లు ముట్టుకున్నాను. రత్నం ఫోను లాక్కుంది.

బుధరి అని ఒక పిల్ల. బడిలో చేరినప్పటి నుంచి ఒక్క మాట లేదట. ఎండిన సొరబుర్ర తెచ్చి, పేరు చెప్పిందట! తన గొంతు తనకి వినిపిస్తే ఒప్పుకోలేదు — "అది నేను కాదు. ఆ పిల్లకి జలుబు చేసింది." సువార్త చెబుతుంటే నవ్వీ నవ్వీ నాకు పొలమారింది.

నవంబరు 10

ముప్పై మంది పిల్లలు, ఒక్క ఫోను. వెనక వరసకి ఏం కనిపిస్తుంది? కాబట్టి టీవీ కావాలి. టీవీ ఉంది! బడికి ఇచ్చిన పెద్ద టీవీ, ఇనుప బీరువాలో. వచ్చిన రోజు దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, ఒకసారి వెలిగించి తాళం వేశారట. ఆ దండ ఇంకా దాని మెడలోనే ఉందట, ఎండిపోయి.

అడిగితే బడే గురుజీ — "ఖరాబ్ హో జాయేగా, బేటీ." పాడైపోతుందట. పాడవ్వకుండా ఉండటానికేనా టీవీ?

నవంబరు 12, బుధవారం

తప్పు చేశాను. రాస్తున్నాను.

నేనూ బడికి వెళ్ళాను. ఫోనుకీ టీవీకీ మధ్య తీగ ఎంత పొడుగు కావాలో కొలుద్దామని. బడే గురుజీ దంతెవాడలో మీటింగుకి వెళ్ళాడు. తాళంచెవి మాత్రం గోడకి మేకు మీద వేలాడుతోంది. సువార్త దాని మీద చెయ్యి వేసింది. అంతే... నాకేమైందో. "ఒకరి తాళం ముట్టుకుంటావేటే!" అని అరిచాను. పిల్లల ముందు. వాళ్ళ పంతులమ్మ మీద.

ఏం చెయ్యను, అలవాటు. గనిలో బెల్టు లోపలికి దూరి పనిచేసే ముందు స్విచ్చు ఆపి, దానికి ఎవరి తాళం వాళ్ళు వేసుకుంటాం. పక్కన ఎర్ర రేకు, దాని మీద పేరు. మేనేజరైనా సరే వేరేవాడి తాళం తీయకూడదు. తీస్తే లోపలున్న మనిషి నుజ్జు. తాళం చూస్తే నాకు లోపల మనిషే కనిపిస్తాడు.

బిడ్డ చెయ్యి వెనక్కి తీసుకుంది. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

నవంబరు 13

భోజనాల దగ్గర సువార్త చారుగిన్నె నా వైపు జరపలేదు.

నవంబరు 15, శనివారం

ఆలోచిస్తున్నాను. గనిలో తాళం వెనక మనిషి ఉంటాడు. ఈ బీరువా తాళం వెనక ఎవడున్నాడు? ఎండిపోయిన దండ. మనుషులందరూ బయటే ఉన్నారు, చాపల మీద.

ఇంకో రూలూ ఉంది, అది ఎలా మరిచిపోయాను! పనైపోయాక తాళం తీయకుండా ఇంటికి పోతే, పగలగొట్టరు. జీపు పంపి మనిషిని రప్పిస్తారు. నన్నొకసారి క్రిస్మస్ నాడు చర్చిలోంచి లాక్కుపోయారు, పాట సగంలో. నేను వేసింది నేనే తీశాను.

అయితే సరే. నేనే జీపుని.

నవంబరు 16, ఆదివారం

చర్చి అవగానే గీదం. బడే గురుజీ అరుగు మీద గడ్డం గీసుకుంటున్నాడు, ఒక చెంప నిండా నురగ. నా హిందీ గనిలో నేర్చిన హిందీ, మెత్తగా మాట్లాడటం దానికి రాదు. "గురుజీ, మీ తాళం మీరు తీయాలి. పిలవడానికొచ్చాను" అన్నాను.

"ఇవాళ ఆదివారం దాదా!"

"రేపు తీయండి."

నురగ ఆరిపోతున్నా కత్తి పట్టుకుని అలాగే కూర్చున్నాడు. రెండేళ్ళలో రిటైర్మెంటట. టీవీకి ఏదైనా అయితే జాంచ్ అంటారట, ఎంక్వయిరీ, తన మెడకేనట. మంచివాడే. భయం. "అది పాడైతే నా పేరు రాయండి. మిమ్మల్ని కాదు, నన్ను అడగమనండి" అన్నాను. ఆరిన నురగ తుడుచుకుంటూ — "మేడం వచ్చే రోజు తీస్తాను. ఏక్ దిన్. ఒక్కరోజే."

ఇంటికొచ్చి చెప్పాను. సువార్త చారుగిన్నె నా వైపు జరిపింది!

నవంబరు 18

పాత పెట్టె దులిపాను. నా తాళం దొరికింది. రేకు కూడా. తుప్పు తోమితే నా పేరు మెరిసింది.

నవంబరు 20, గురువారం

ఎలా రాయను ఈ రోజుని!

వరండాలో నిలబడ్డాను, కిటికీ పక్కన. బడే గురుజీ తన చేత్తో తాళం తీశాడు. టీవీ మీద చేపల బుట్ట, పిల్లాడి గొంతు. ఇప్పపూలు, ఇంకో గొంతు. పిల్లలు కేకలు — నాది, నాది! వెనక వరస మోకాళ్ళ మీద లేచింది. సొరబుర్ర వచ్చేసరికి బుధరి తనే లేచి నిలబడి, టీవీకంటే ముందు చెప్పేసింది. వాళ్ళ మాటలో, ఆ వెనకే హిందీలో. మేడం రాసుకోవడం మానేసి చూస్తోంది. నా బిడ్డ చేతిలో ఫోను, మొహంలో ఆ వెలుగు... ఏడ్చాను. ఎవడేమనుకుంటే నాకేంటి.

మేడం వెళ్ళింది. పిల్లలు భోజనానికి పోయారు. బడే గురుజీ టీవీ మీద దుప్పటి కప్పి, తాళం చేతిలోకి తీసుకున్నాడు. "ఏక్ దిన్, దాదా."

నా తాళం జేబులోనే ఉంది. బీరువా గొళ్ళెం పడే రింగులో వేసి నొక్కేశాను. టక్! రేకు తగిలించాను. ఇంక ఆయన తాళం దూరడానికి చోటు లేదు, తలుపు మూయడానికి లేదు.

"ఇదేం పద్ధతి?"

"గని పద్ధతి గురుజీ. ఇప్పుడు లోపల మనుషులున్నారు."

నవంబరు 21

సంతకం పెట్టలేదట. "ముందు మీ నాన్న తాళం తీయాలి. ఆ తర్వాతే కాగితం."

నవంబరు 22

రత్నం: "ముసలితనంలో ఈ పంతమేటండీ? పిల్ల బతుకు ఆ కాగితం మీదుంది." నిజమే. నేను తీయను. నిజమేనని తెలిసీ తీయను.

నవంబరు 23, ఆదివారం

సువార్త నా ఎదురుగా కూర్చుంది.

"ఆ తాళం ఎవరిది నాన్నా?"

"నాది."

"పాఠం?"

"...నీది."

"మరి బీరువా మీద నీ పేరు ఎందుకుంది? నీ పేరు మీద నేను పంతులమ్మని అవ్వాలా?"

ముప్పై ఆరేళ్ళలో ఏ ఆఫీసరూ నన్నిలా నిలబెట్టలేదు. తీసేయమంటుంది కాబోలు, తీసేద్దాం అనుకున్నాను.

"నాకో రేకు కోసిపెట్టు" అంది.

నూనె డబ్బా మూత కోశాను. ఎర్ర పెయింటు తనే వేసుకుంది, తెల్ల అక్షరాలు తనే రాసుకుంది. తెలుగులో ఒకవైపు, హిందీలో ఒకవైపు. బజారుకెళ్ళి కొత్త తాళం కొనుక్కొచ్చుకుంది. రత్నం తల పట్టుకుంది — "తండ్రికి తగ్గ కూతురు!" తిట్టే అది. నాకు మెడల్‌లా వినిపించింది.

నవంబరు 24, సోమవారం

ఇద్దరం బస్సులో. రేకు ఒళ్ళో పెట్టుకుంది, పెయింటు చీరకంటుతుందని కింద పాత పేపరు.

నా తాళం నేనే తీశాను, బడే గురుజీ కళ్ళ ముందు. ఆయన మొహం విప్పారింది. అంతలో టక్! సువార్త తాళం. సువార్త రేకు.

"మా నాన్న తాళం తీసేశాడు గురుజీ" అని కాగితం ఆయన ముందు పెట్టింది.

ఆయన రేకు చదివాడు. ఒకవైపు, తిప్పి రెండోవైపు. కలం టోపీ తీశాడు... మళ్ళీ పెట్టేశాడు. "కల్ దేఖేంగే." రేపు చూద్దామట. కాగితం సొరుగులో పెట్టుకున్నాడు.

చూడనీ. నేనొక్కణ్ణే తిరిగొచ్చాను. నేను బస్సెక్కేసరికి సువార్త క్లాసులో టీవీ పెట్టేసింది, రోడ్డు దాకా పిల్లల గొంతులు. సంతకం లేని కాగితం సొరుగులో ఉంది. బీరువా తెరిచే ఉంది.