పదకొండో నంబరు పిండం

నాన్నకు,

నీ తొందరపిల్ల నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం కులాసా. ‘ఇద్దరం’ అన్న మాట సంగతి చివర్లో చెబుతాను. అలాగని ఇప్పుడే కాగితం తిప్పి చూడకు!

మోకాలి నొప్పి తగ్గిందని రాశావు. నిజంగా తగ్గిందా, నా నోరు మూయించడానికి రాశావా? ‘ల్యాబులో రోజంతా ఏం చూస్తావే?’ అని అడిగావు. వాచీలు బాగుచేసే నీలాగే నేనూ కంటికి అద్దం ఆనించి కూర్చుంటాను. పిల్లలు కలగనివాళ్ళ పిండాలు మా దగ్గర ఒంటివేడి ఉన్న పెట్టెలో, చిన్న గాజుమూకుళ్ళలో పెరుగుతాయి. మొదట ఒక్క కణం. మూడో రోజుకి ఎనిమిది. ఐదో రోజుకి లోపల నీరు చేరి బుడగలా ఉబ్బాలి. అలాంటిది గర్భంలో అంటుకునే ఆశ ఎక్కువ.

ఫొటోలు చూసి మంచిచెడ్డలు రాసేది నేనే. వాటి మీద పేర్లుండవు, నంబర్లే. ఎవరిదో తెలిస్తే మనసు అటు మొగ్గుతుందని మా పద్ధతి. రెండు వారాల క్రితం, ఐదో రోజు ఫొటోల్లో పదకొండో నంబరు ఉబ్బనే లేదు. టీ చల్లారిపోతోందని గబగబా ‘పనికిరాదు’ అని రాసి లేచాను.

మా పెద్ద మేడమ్ ఆ కాగితం చూసి, “ఇంకొక్క రోజు చూద్దామమ్మా. పోయిందని చెప్పడానికి తొందరేముంది?” అన్నారు. ఆగిన వాచీని ఒక రోజు గూట్లో ఉంచిగానీ ఇక నడవదని చెప్పని మనిషి గుర్తొచ్చి నవ్వుకున్నాను.

ఆరో రోజు పొద్దున్న చూస్తే అది నిండుగా ఉబ్బి, చుట్టూ ఉన్న పలుచని పెంకు చీల్చుకుని సగం బయటికొచ్చింది! నాలిక కరుచుకున్నాను. మేడమ్ పేర్ల పుస్తకం తెరిచి, నా భుజం పట్టుకుని, “ఇది నీదేనే!” అన్నారు.

అవును నాన్నా, దాచిన సంగతి ఇదే. రెండుసార్లు నిలవకపోయాక ‘ఇక మానేశాం’ అని నీకు రాశాను కదా, అబద్ధం. నిన్ను మళ్ళీ ఆశపెట్టి ఏడిపించలేక మూడోసారి సంగతి చెప్పలేదు. సొంతవి మనం ముట్టుకోకూడదు కాబట్టి మేడమే చూసుకున్నారు. నా పిండం ఫొటో పొరపాటున మిగతావాటిలో కలిసిపోయిందట. నా తక్కిన పిండాలన్నీ మూడో రోజుకే ఆగిపోగా, మిగిలిన ఆ ఒక్కదాన్నీ నా చేత్తో నేనే కాదన్నాను.

ఆ మధ్యాహ్నమే గర్భంలో పెట్టారు. పది రోజులకు రక్తపరీక్ష చేస్తే అంటుకుందని తేలింది! నిన్న మళ్ళీ చేస్తే, గర్భం పెరుగుతోందనడానికి గుర్తుగా అంకె రెట్టింపయింది! నీ అల్లుడు ఆ కాగితం పట్టుకుని, కనిపించిన ప్రతి కుర్చీకీ చదివి వినిపిస్తున్నాడు. నాకు కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

ఇంకా తొలిమెట్టే. గుండె కొట్టుకోవడం కనబడాలంటే రెండు వారాలు ఆగాలి. కొట్టుకి తాళం వేసి ఆ రోజుకి వచ్చెయ్యి. నడుస్తోందో లేదో నువ్వే చెప్పాలి, నా తీర్పు మీద నాకు నమ్మకం పోయింది.

పైన ‘ఇద్దరం’ అన్నది కొట్టెయ్యలేదు. పక్కన పెన్సిల్‌తో ‘ముగ్గురం’ అని రాశాను, చూడు. నువ్వొచ్చాక పెన్నుతో దిద్దుదువుగాని.

ఇట్లు,
ఒక్క రోజు ఆగడం ఆలస్యంగా నేర్చుకున్న
నీ కూతురు