పద్దెనిమిదో పేజీకి వేడెక్కే బండి

మెకానిక్ బావగారికి,

క్షేమం అడగను, నా క్షేమం చెప్పను. పదకొండేళ్ల తర్వాత రాస్తున్నది అవసరం కొద్దీ.

మా నాన్న మోటారు సైకిలు వేడెక్కుతోంది. ఆయన పోయాక దాన్ని నేనుంచుకుంటానంటే, "పుస్తకాలు చదివితే ఇంజన్ అర్థం కాదు" అని నలుగురి ముందూ అన్నారు మీరు. మీ షెడ్డు పశువుల కొట్టమన్నాను నేను. "ఆ బండి మీద వచ్చి నన్ను తీసుకెళ్లిన రోజే నీ గడప తొక్కుతాను" అంది మా చెల్లెలు. ఏదీ మర్చిపోలేదు. వచ్చే నెల నాకు డెబ్బై నిండుతాయి. ఆ రోజుకి చెల్లెలు మా ఇంట్లో ఉండాలి. అందుకే ఈ ఉత్తరం.

స్టార్ట్ చేసిన కాసేపటి వరకూ బాగానే ఉంటుంది. పద్దెనిమిదో పేజీకి వచ్చేసరికి కాలిన వాసన. కారణం రాయండి.

ఇట్లు,
ఇంజన్ అర్థం కాని బావ.

తా.క. నాన్న దాచిన మాన్యువల్ మూడుసార్లు చదివాను. అచ్చుతప్పులు తొమ్మిది. జాబితా జతపరిచాను.

* * *

పుస్తకాల బావగారికి నమస్కారాలు.

ఆయిల్ కొలిచి చూడండి. ప్లగ్ విప్పండి, తెల్లగా కాలి ఉంటే పెట్రోలు చాలడం లేదన్నమాట. సిలిండరు చుట్టూ ఉన్న రెక్కల మధ్య మట్టి గీకండి. ఎంత దూరానికి వేడెక్కుతోందో కిలోమీటర్లలో చెప్పండి, పేజీల్లో కాదు.

ఇంతకీ బండి మీద చదువుతున్నారా? ఆ ముక్క విని మీ చెల్లెలు అన్నం ముందు నుంచి లేచిపోయింది.

ఇట్లు,
పశువుల కొట్టంలోంచి, బావ.

తా.క. ఆ తొమ్మిదిలో మూడు అచ్చుతప్పులు కావు. నా గ్రీజు వేలిముద్రలు.

* * *

బావగారికి,

ఆయిల్ నిండుగా ఉంది. ప్లగ్ ఇటుక రంగులో ఉంది. రెక్కలు టూత్‌బ్రష్షుతో తోమాను. అయినా అదే వాసన. ఇక మీకు తెలిసిన విద్య అయిపోయినట్టుంది, నా అలవాట్ల మీద పడ్డారు.

అవును, చదువుతాను. ఆ చప్పుడు వింటుంటే నాన్న ఇంట్లో ఉన్నట్టుంటుంది. చేతులు రెండూ ఖాళీయే కదా. కాళ్లు కూడా పైన పెట్టుకుంటాను. ఇన్నేళ్లలో ఎవరినీ గుద్దలేదు.

దూరం అడిగారు. మీటరు మీద 41,706 ఉంది. మీరే చూసుకోండి.

ఇట్లు,
బావ.

తా.క. నిన్న పక్కనే స్టూలు మీద టీ గ్లాసు పెట్టుకున్నాను. చుక్క తొణకలేదు.

* * *

బావగారికి,

జబ్బు దొరికింది.

చేతులు ఖాళీ అన్న మాటకి మీ చెల్లెలు కళ్లనీళ్లు పెట్టుకుంది. తా.క. దగ్గర ఏడుపు ఆపేసి, "బండితో పాటు స్టూలు ఎలా వస్తుందండీ?" అంది. నా పాత సర్వీసు పుస్తకం తీశాను. మామగారు ఆఖరిసారి బండి తెచ్చిన రోజు రాసుకున్న అంకె 41,704. ఆ రెండు కిలోమీటర్లూ మా షెడ్డు నుంచి మీ ఇంటికి.

ఆ ఇంజన్‌ని చల్లార్చేది ఎదురుగాలి. ఇంటి పంచలో స్టాండు వేసి ఇంజన్ నడిపితే ఉడక్కుండా ఎలా ఉంటుంది? మాన్యువల్‌లో ఈ సంగతి ఉండదు. బండి కదులుతుందనే నమ్మకంతో రాశారు వాళ్లు.

మీకు తోలడం రాదని మీ చెల్లెలికి ముందే తెలుసట. తన కోసమైనా నేర్చుకుంటారని ఆ షరతు పెట్టిందట. ఏడేళ్లు చూసి, విసిగి, తనే నా దగ్గర నేర్చుకుంది. ఆదివారం పొద్దున నడిచి వస్తుంది. గడప తొక్కదు, వాకిట్లో నిలబడుతుంది. బండి బయటికి తోయండి. తను తోలుతుంది, మీరు వెనక కూర్చోండి. ఒక చుట్టు తిరిగొచ్చాక లోపలికి వస్తుంది. ఎవరు ఎవర్ని తీసుకొచ్చారన్న చర్చ మాత్రం పెట్టొద్దంది.

ఇట్లు,
బావ.

తా.క. పుస్తకం తెచ్చుకోండి. వెనక సీట్లో చదువుకోవచ్చు. పంతొమ్మిదో పేజీలో ఏముందో నాకు రాయండి.