సిపోకి ఒక ఇల్లు

బెలేం, మార్చి

ప్రియమైన ఒదీలాకి, నా బంగారుతల్లి ఇరాసికి,

ఈ ఉత్తరం తెచ్చిచ్చేది మన జెర్సనే. లారీలో కలప వేసుకుని దక్షిణాన మీ చలిదేశం కురిచీబాకి వస్తున్నాడు. ఉత్తరంతో పాటు ఒక చెక్కపెట్టె కూడా ఇస్తాడు. దాన్ని వీధిలో తెరవొద్దు. తలుపు వేసి ఇరాసి చేతికివ్వు. లోపల గుడ్డసంచిలో సిపో ఉంది.

అవును, మన సిపోయే. జనవరిలో నీ ఆసుపత్రి పనికోసం మీరు బస్సెక్కిన రోజు, ఆ పాముపిల్లను వదిలి రానని ఇరాసి ఏడ్చిన ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది. బిడ్డకు తొమ్మిదేళ్లొచ్చినా ఏడిస్తే ఊళ్లో పడవలన్నీ ఆగాల్సిందే. అందుకే పంపేస్తున్నాను. తండ్రి ఎలాగూ ఇప్పుడే రాలేడు, పామైనా రానీ.

ఇల్లు ఎలా కట్టాలో చెబుతాను, విను. పెద్దది కట్టకు. పిల్లపాముకి పెద్ద ఇల్లిస్తే బెదిరిపోయి తిండి మానేస్తుంది. ఇరాసి చెయ్యి చాచినంత పొడవుంటే చాలు. మూడు పక్కలా చెక్క, ముందువైపు సన్నటి పట్టీలు. గాలి ధారాళంగా ఆడాలి. కొండచిలువ పిల్లకి ఉక్కపోతే గండం. నీళ్లపళ్లెం వెడల్పుగా, అది చుట్టుకుని పడుకునేటంత ఉండాలి. దాక్కోవడానికి బూట్ల డబ్బాకి కంత పెట్టి బోర్లించు. ఎక్కడానికో కొమ్మ. వారం పదిరోజులకొక ఎలుకపిల్ల. మూతకి కొక్కెం మాత్రం మరవకు. పాము తల దూరిందంటే ఒళ్లంతా దూరినట్టే.

మన పెద్దపాము, ఫిలో ముసలమ్మని కూడా అటక మీంచి దించేశాను. రేవులో బియ్యం గోదాం వాళ్లు ఎలుకలతో చస్తున్నామంటే సిపో వాళ్లమ్మను వాళ్లకిచ్చేశాను. మనింట్లో ఇప్పుడు ఎలుకలే లేవు. ఒంటరివాణ్ణి, నాకు పామెందుకు?

వానలు వెనకపట్టగానే ఈ పడవ ఇంజన్ల షెడ్డు అమ్మేసి వచ్చేస్తాను. సిపో పెరిగాక దాని పెద్ద ఇల్లు నేనే కడతాను. నీ చేతికి సుత్తి ఇస్తే బొటనవేలు మిగలదు.

ఇద్దరికీ ముద్దులతో,
నీ బెనే

*

కురిచీబా, ఏప్రిల్

ప్రియమైన బెనేకి,

పెట్టె అందింది. సిపో బతికే ఉంది. ఇరాసి దాన్ని మెడలో వేసుకుని గంటసేపు దించలేదు. తరువాత వీధంతా తిరిగి, నాన్న దగ్గరున్న ఒక్క తోడునీ నాకు పంపేశాడని కనిపించినవాళ్లకల్లా చెప్పుకుంది. ఆసుపత్రి వంటశాలలో నాతో పనిచేసేవాళ్లకు కూడా తెలిసిపోయింది. ఇంత మంచి మొగుడు నీకెక్కడ దొరికాడే అని అడుగుతున్నారు. రేవులో, చేపలకంపులో దొరికాడని చెప్పాను.

జెర్సన్‌కి ఏమైంది? రెండు కప్పుల కాఫీ తాగితే గానీ లేవని మనిషి, పెట్టె చేతిలో పెట్టి, లారీ రోడ్డుకడ్డంగా ఉంది వదినా అని పారిపోయాడు. లారీ ఎక్కడుందా అని చూశాను. చక్కగా ఓ పక్కనే ఉంది.

ఇల్లు నువ్వు చెప్పినట్టే కట్టాను. బొటనవేలు ఉంది, గోరు పోయింది. మూడో రోజుకే పట్టీల సందులోంచి సిపో జారిపోయింది. ఇల్లంతా వెతికితే వంటపొయ్యి వెనక వెచ్చగా చుట్టుకుని ఉంది. గాలి ధారాళంగా ఆడాలని రాశావు మహానుభావా. ఇక్కడ గాలి ఆడితే పాము కాదు, నేనే కర్రలా బిగుసుకుపోతున్నాను. పుట్టి బుద్ధెరిగాక బెలేం దాటనివాడివి, చలంటే ఏం తెలుసు నీకు?

ఇల్లు అద్దెకిచ్చినావిడ దోన వాండా పామును చూసి శిలువ గీసుకుంది. పిల్లలున్న ఇంట్లో ఇదేం పెంపకం అంది. మా ఊళ్లో పిల్లలు పాము కిందే పెరుగుతారండీ, అటక మీద అది ఉంటేనే బియ్యం దక్కుతాయి, పాలిచ్చే తల్లి ఉన్న ఇంట్లోంచి మాత్రం దించేస్తారు అని చెప్పాను. మీ అమ్మ గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఇరాసి పుట్టిన మర్నాడే ఫిలోని గోనెసంచిలో కుక్కి మీ మామయ్యగారింటికి తోలేసింది కదూ. పాము పాలవాసన పట్టి వస్తుందట, తల్లి రొమ్ము తాను కుడుస్తూ, ఏడవకుండా బిడ్డ నోట్లో తోక పెడుతుందట. నేనెంత పోట్లాడాను. ఎలుకలు నా లంగాలు కొరికేసినా ఆవిడ వినలేదు, ఇరాసి పాలు మానేదాకా ఫిలోని గడప తొక్కనివ్వలేదు. ఇది వింటూనే దోన వాండా ఇంకో రెండుసార్లు శిలువ గీసుకుంది.

ఇల్లు రెండు గదులు. రెండోది నీకోసం ఖాళీగా ఉంచాను. నీ పనిముట్లు పెట్టుకోవడానికి బల్ల కూడా వేశాను. ఎప్పుడొస్తున్నావో సరిగ్గా రాయి.

నీ ఒదీలా

*

బెలేం, జూన్

ప్రియమైన ఒదీలాకి,

ఆలస్యమైంది, తిట్టకు. షెడ్డు బేరం కుదిరినట్టే కుదిరి తప్పిపోయింది. ఇంకొకడెవడో వస్తానంటున్నాడు. వాడు వస్తే ఆగస్టుకల్లా నీ ముందుంటాను.

రాత్రుళ్లు నిద్ర ఉండడం లేదు. ఎలుకలు. నిన్న కర్రపెండలం పిండి సంచి అడుగుని చక్కగా కత్తిరించి పోయాయి. నా కొత్త బూటు నాలుక తినేశాయి. తెల్లారి చూసుకుంటే ఏడవాలో నవ్వాలో తెలియలేదు. కళ్లు గుంటలు పడ్డాయి, నన్ను చూస్తే నువ్వు గుర్తుపట్టవు.

సిపోకి ఇప్పుడే ఇల్లు మార్చకు. చిన్నదాంట్లోనే ఉంచు. పెద్దదానికి కొలతలు నా బుర్రలో ఉన్నాయి, వచ్చి కడతాను. చలిగా ఉంటే దుప్పటి కప్పు. ఇరాసిని అడిగానని చెప్పు. స్కూల్లో చలికోటు కొనమన్నారని రాసింది, పసుపు రంగుది కొను, నా తల్లికి అదే బాగుంటుంది.

నీ బెనే

*

కురిచీబా, జూలై

ప్రియమైన బెనేకి,

సిపో చావుదాకా వెళ్లొచ్చింది. మొన్న పొద్దున్న లేచేసరికి గడ్డిమీదంతా తెల్లగా మంచు పేరుకుంది, ఇక్కడ జూలై అంటే నడి చలికాలం. పాము పట్టుకుంటే రాయిలా ఉంది. తిన్న ఎలుకను కక్కేసింది. ముక్కులో బుడగలు. ఇరాసి దాన్ని తన చొక్కాలో వేసుకుని పొయ్యి దగ్గర కూర్చుంది, బడికి పంపలేకపోయాను. ఇది చచ్చిపోతే నాన్నకేం చెబుతాం అంటుంది. తన బాధ కంటే నీ బాధ దానికి ఎక్కువైంది.

దుప్పటి కప్పమన్నావు. పాము ఒంట్లో వేడే లేకపోతే దుప్పటి ఏ వేడిని దాస్తుంది? ఇన్నేళ్లు పాము కింద పడుకున్నవాడివి, ఈ మాత్రం తోచలేదా?

అందుకని నా తెలివితో నేనే కట్టాను. వీధి చివర రొట్టెల కొట్టువాడు పాత అద్దాలబీరువా బయట పడేస్తే తెచ్చుకున్నాను. గాలికి వెనకవైపు నాలుగు కంతలు పెట్టి మిగతావన్నీ మూసేశాను. ఒక మూల బల్బు పెట్టి, ఒళ్లు కాలకుండా దానిమీద కుండ బోర్లించాను. ఆ మూల వెచ్చగా, ఈ మూల చల్లగా ఉంటుంది, ఏ పక్క ఉండాలో అదే చూసుకుంటుంది. దాక్కునే డబ్బాలు రెండు, వెచ్చటి పక్కొకటి, చల్లటి పక్కొకటి. బీరువా పెద్దదని మధ్యలో పలక అడ్డం పెట్టాను. పాము పెరిగే కొద్దీ పలకను జరుపుతాను. నాకు పెద్దపెట్టె కట్టేవాళ్లు అక్కర్లేదు, చూశావా? బీరువాని రెండో గదిలోనే పెట్టాను, చలి తక్కువ. నువ్వొస్తే సర్దుకుందాం.

ఒక్క మాట అడుగుతాను, దానికే జవాబు రాయి. ఎలుకల్లేవని మార్చిలో ఫిలోని పంపేశావు. ఇప్పుడు ఎలుకలు బూట్లు తింటున్నాయి. గోదాం మనింటికి ఎంత దూరం? వెళ్లి ఫిలోని ఎందుకు తెచ్చుకోవు?

ఒదీలా

*

బెలేం, ఆగస్టు

ప్రాణం కంటే ప్రియమైన నా ఒదీలాకి,

నువ్వు కట్టిన ఇల్లు గురించి చదివి ఎంత మురిసిపోయానో. నువ్వు కాబట్టి కట్టావు. కానీ బల్బు తీగను పాము చుట్టుకోకుండా చూడు. కుండకి చిల్లి ఉంటే పూడ్చు. నీళ్లపళ్లెం చల్లటి మూలనే ఉంచు, లేకపోతే ఆవిరి పట్టి పొలుసులు కుళ్లుతాయి. అడుగున చెక్కపొట్టు వద్దు, నోట్లోకి పోతుంది, పాతకాగితాలు పరుచు. కుబుసం విడిచేముందు కళ్లు పాలరంగు తిరుగుతాయి, అప్పుడు ముట్టుకోవద్దని ఇరాసికి చెప్పు. కొమ్మను మేకులతో కాదు, తాడుతో కట్టు. ఎలుకపిల్ల దాని నడుముకంటే లావుండకూడదు. అలా జాగ్రత్తగా చూసుకుంటే నా సిపో ఇరాసి పెళ్లినాటికి కూడా ఉంటుంది.

షెడ్డు సంగతి అలాగే ఉంది. డిసెంబరుకి ఖాయంగా వస్తాను. క్రిస్మస్‌కి ముగ్గురం ఒకచోట ఉంటాం, నువ్వు బాతుకూర వండాలి.

ఎల్లప్పుడూ నీవాడు,
బెనే

*

కురిచీబా, సెప్టెంబరు

బెనేకి,

ప్రియమైన అని రాయబోయి మానేశాను. కాగితం మీద అబద్ధం నీకు అలవాటు, నాకు చెయ్యి రాలేదు.

నేనడిగింది ఒక్క మాట. నువ్వు రాసింది రెండు పేజీల పాముశాస్త్రం. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు కుండచిల్లులూ కొమ్మకి తాళ్లూ రాశావు. ఫిలో పేరు ఎక్కడా లేదు.

నిన్న జెర్సన్ వచ్చాడు. ఈసారీ గుమ్మంలోంచే పోబోతుంటే చొక్కా పట్టుకుని కూర్చోబెట్టి కాఫీ పోశాను. నీ గురించి ఏమీ అడగలేదు. వానల గురించీ కలప గురించీ మాట్లాడాను. కప్పు నోటి దగ్గర పెట్టుకున్నాక అడిగాను.

"ఇంతకీ ఆడపిల్లా, మగపిల్లాడా?"

"మగపిల్లాడు వదినా."

అన్నాకగానీ తానేమన్నాడో వాడికి తెలియలేదు. కప్పు కింద పెట్టి తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఆ తరువాత అడిగినవన్నీ చెప్పాడు. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే క్లెయిదె అట. ఏడో నెలలోనే, మార్చిలో మనింటికి తెచ్చుకున్నావట. మేలో పుట్టాడట. మీ నాన్న పేరే పెట్టావట. బాగుంది. నిద్ర లేకుండా చేసిన ఎలుక పేరు తెలిసింది.

వాణ్ణి తిట్టకు. నాకు చెప్పింది వాడు కాదు. మనూళ్లో ఏ ఇల్లూ అటక మీది పామును ఊరికే దించదు. ఎలుకల్లేవని ఎవరూ పంపరు, పాము ఉంది కాబట్టే ఎలుకలుండవు. ఎలుకలు బూట్లు తింటున్నా పామును తెచ్చుకోని ఇల్లంటే, ఆ ఇంట్లో ఎవరో పాలిస్తున్నారని. ఏప్రిల్లో మీ అమ్మ కథ నేనే నవ్వుతూ నీకు రాశాను. ఒక చేత్తో ఉయ్యాల సర్దుతూ చదువుకుని ఉంటావు. రాసిన నాకే జూలైదాకా బుర్ర వెలగలేదు, నా అంత తెలివితక్కువది ఉండదు.

జనవరిలో మేము బస్సెక్కేనాటికి ఆమెకు ఐదో నెల. బస్టాండులో ఇరాసిని ఎత్తుకుని ఏడ్చావు. అది దొంగ ఏడుపు కాదనే అనుకుంటాను. అయినా దానివల్ల నాకు ఒరిగేదేముంది?

ఇంకొకత్తెను తెచ్చుకున్నావు. దానికి ఏడుస్తాను, తిడతాను, కొన్నాళ్లకి అలిసిపోతాను. కానీ నీ కొత్త బిడ్డకి అడ్డమని ఇంట్లోంచి తీసిపారేసినదాన్ని పాత బిడ్డకి కానుకని పంపావు చూడు, అది మాత్రం నేను క్షమించను. మూడు నెలలు ఆ పిల్ల చలిలో దాన్ని ఒంటికి అదుముకుని బతికించింది. నాన్న తోడు అనుకుని బతికించింది. నువ్వు పారేసిన చెత్తకి నా బిడ్డ కాపలా కాసింది బెనే.

డిసెంబరుకి రాకు. రెండో గది ఖాళీ లేదు. పలక తీసేశాను, బీరువా పొడవంతా ఇప్పుడు సిపోదే. నీ పనిముట్ల కోసం వేసిన బల్ల విరగ్గొట్టి అందులో అరలు చేశాను. నువ్వొచ్చి కట్టడానికి ఇక్కడ ఏమీ మిగల్లేదు. నీ కొడుకు పాలు మానాక అటకమీదికి పాము కావాలంటే ఫిలోనే తెచ్చుకో. సిపో జోలికి రాకు.

ఇరాసికి మాత్రం నెలకో ఉత్తరం రాయి. పాము గురించే రాయి, అది నీకు బాగా వచ్చు. వస్తానని ఒక్క ముక్క రాసినా ఆ కాగితం పొయ్యిలో పడుతుంది.

దానికి నేనేమీ చెప్పలేదు. చెప్పను కూడా. ఇప్పటికీ వీధిలో అందరికీ, నాన్న తన తోడును నాకు పంపాడనే చెబుతోంది, ఒక్కోసారి నా ముందే చెబుతుంది, నేను తలూపుతాను. కానీ ఎక్కడ పెరిగినా అది బెలేం పిల్లే. ఏదో ఒక రోజు దాని ఒళ్లోనూ ఒక బిడ్డ ఉంటుంది. మనవైపు ముసలమ్మ ఎవరో వచ్చి, ముందు ఆ పామును ఇంట్లోంచి తీసెయ్యి తల్లీ అంటుంది. అప్పుడు దానికి, తన తొమ్మిదేళ్లప్పుడు జెర్సన్ బాబాయి తెచ్చిన చెక్కపెట్టె గుర్తొస్తుంది. జవాబు అప్పుడు దానికి చెప్పుకో.

ఒదీలా