వదులు జాకెట్టు

అక్కా,

మీ దేశానికి టిక్కెట్టు కొన్నాను, పెట్టె సర్దాను, అయినా రావడం లేదు.

ఇక్కడ అంటుజ్వరం ఇంటింటికీ తిరుగుతోంది. దర్జీని కదా, ఊరి మెడలన్నీ కొలిచిన టేపు నా మెడలోనే వేలాడుతుంది. నిన్నటి నుంచి నాకూ ఒళ్లు వెచ్చగా ఉంది. "మాత్ర వేసుకుంటే విమానాశ్రయంలో పట్టుకోలేరు మాస్టారూ, వెళ్లిరండి" అన్నాడు గుండీల కొట్టాయన. ఆయనిచ్చిన గుండీలే ఏనాడూ కాజాలో పట్టలేదు, ఇక సలహా పడుతుందా! అయినా ఆ మాత్ర అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మీ అమ్మాయి అంతా రాసింది. నీ ఊపిరి అసలే అంతంతమాత్రం, అందులోకి నా దగ్గు మోసుకురాలేను.

నీ జాకెట్టు పోస్టులో పంపుతున్నాను, ఉతికి తొడుక్కో. పాత కొలతలతోనే కుట్టాను. చిక్కిపోయావట, వదులవుతుంది. వేరెవరిచేతా కుట్టు బిగింపించకు. నేనొచ్చి కొలత తీసేదాకా అలాగే ఉండనీ.

నీ తమ్ముడు