వాగులో నానని దుంపలు

బావా,
నీ ఫోన్ కలవడం లేదు. పొయ్యి మీద ఉన్న అడవి దుంపలు నోట పెట్టకు. కుక్కకు కూడా వెయ్యకు, గుంట తీసి పూడ్చెయ్. అత్త వాటిని వాగులో నానబెట్టకుండానే ఉడికించింది. "పారే నీళ్లల్ల నానకుంటే ఇసమే పిల్లా" అని నాకు నేర్పింది ఆమే. ఇప్పుడడిగితే "ఏ దుంపలు?" అంటున్నది.

పోయిన నెల నా పేరు మరిచిపోతే ముసలితనమని నువ్వు నవ్వావు. నేనూ నవ్వాను.

ఆమెను నాగక్క ఇంట్లో కూర్చోబెట్టాను. వెళ్లి తీసుకురా. కోప్పడకు.

నేను బడికి పరుగెడుతున్నాను. పొద్దున పిల్లదాని అన్నం డబ్బా కట్టింది అత్తే. అందులో ఏం పెట్టావని అడిగితే, నా చెయ్యి పట్టుకొని "యాదికొస్తలేదు బిడ్డా" అని ఏడ్చింది.