మూఢం వెళ్ళాక రండి

రఘూ,

బాగున్నావా అని రాయబోయి ఆగిపోయాను. అలవాటు కొద్దీ చెయ్యి అదే రాస్తుంది... నువ్వు పోయి నాలుగు నెలలు దాటింది. మేం ఉన్నాం. చాండ్లర్‌లో అప్పుడే ఎండలు మండిపోతున్నాయి. మీనూకి ఒళ్ళంతా చెమటకాయలు.

ముందే చెప్పేస్తున్నాను, నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. ఇక్కడ ఎవరి దగ్గరా ఆ మాట అనే వీల్లేదు. పోయినవాళ్ళని ఏమీ అనకూడదట. మరి నేనెవర్ని అనాలి? ఉన్నవాళ్ళెవరూ ఏ తప్పూ చెయ్యలేదే!

జర్మనీ పోస్టింగ్ వచ్చి నువ్వు ముందు వెళ్ళిపోయాక ఇక్కడ ఆర్మీ బేస్‌లో ఆ ఇల్లు ఖాళీ చెయ్యడం ఎలా అయిందో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ఫోన్ చేసినప్పుడల్లా "అయిపోయింది, అయిపోయింది" అనేదాన్ని. మీనూ పాస్‌పోర్ట్ ఫోటో కోసం ఎన్నిసార్లు తిరిగామో! సరిగ్గా క్లిక్‌మనేటప్పటికి కళ్ళు మూసేసేది. ప్యాకింగ్ వాళ్ళు వచ్చిన రోజున పిల్లలిద్దరికీ జ్వరం. వాళ్ళు చెత్తబుట్టని చెత్తతో సహా పెట్టెలో పెట్టేశారు. ఇల్లు అప్పగించేటప్పుడు చూడ్డానికి వచ్చినావిడ స్టవ్ వెనక పోపు మరకలు చూసి మళ్ళీ తుడవమంది. మీనూని చంకనేసుకుని తుడిచాను. అదొక్కటి మాత్రం చెప్పాను, విని నువ్వు పకపకా నవ్వావు. "అసలు సోల్జర్‌వి నువ్వు సిరీ, నేను ఉత్త యూనిఫామ్‌ని" అన్నావు.

సామానంతా ఓడెక్కింది. పిల్లలతో, నాలుగు సూట్‌కేసులతో మీ పెదనాన్నగారబ్బాయి శ్రీను బావగారు, లతక్క వాళ్ళింట్లో, ఇదిగో ఈ మేడ మీద గదిలో దిగాను. లతక్కతో నాలుగు రోజులే అని చెప్పాను. వీసాలు, వ్యాక్సిన్లు, మాకు మీ ఆర్మీ వాళ్ళ పర్మిషన్, అన్నీ అయిపోయాయి. ఇక టికెట్లు బుక్ చెయ్యడమే.

అప్పుడు వచ్చింది నీ ఫోన్. పంచాంగం చూశావట. శుక్ర మూఢం నడుస్తోందట. పిల్లలతో కొత్త ఇంట్లో దిగడానికి ఇది సమయం కాదన్నావు. అద్దె కొంపకి గృహప్రవేశమేమిటి అని నేను... అమ్మ బాధపడుతుంది అని నువ్వు. అత్తయ్య నోటంట ఆ మాటే రాలేదని నాకు తెలుసు. అది నీ పట్టుదలే.

"ఒక్క మూడు వారాలు సిరీ. కొంపలేం మునిగిపోవు. మూఢం వెళ్ళాక రండి."

ఈ అమెరికా ఆర్మీ నిన్ను ఎప్పుడైనా వర్జ్యం చూసి పంపిందా రఘూ? మొదటిసారి నిన్ను బయటి దేశం పంపినప్పుడు నిండు రాహుకాలం. గడియారం చూసుకుంటూ బస్సెక్కావు, నోరెత్తలేదు. అక్కడ నీ మాట చెల్లదు. చెల్లేది నా దగ్గర, పిల్లల దగ్గర. అందుకేనా అంత పట్టుబట్టావు? ఈ ప్రశ్న ఎన్నిసార్లు అడిగినా నువ్వు జవాబు చెప్పవు కదా...

పోనీ మమ్మల్ని ఆపావు, నువ్వైనా ఆ ఇంట్లో ఉండొచ్చు కదా. ఉండలేదు. పాలు పొంగించకుండా ఆ ఇంట్లో నిద్ర చెయ్యకూడదన్నావు. పాలు నేనొచ్చి నా చేత్తో పొంగించాలన్నావు. డ్యూటీ అయ్యాక వెళ్ళి మంచాలు బిగించుకోవడం, కర్టెన్లు కట్టుకోవడం, మళ్ళీ ఆ మంచులో కారేసుకుని బ్యారక్స్‌కి రావడం. అక్కడ అన్నీ అమర్చిన ఇల్లు, ఉతికిన దుప్పట్లు, వేడి నీళ్ళు! మనిషి మాత్రం రోడ్డు మీద.

ఆ రోజు ఆద్య గదిలో గోడకి చిన్న చిన్న లైట్లు తగిలించి వీడియోలో చూపించావు. అది, ఈ కొన్నాళ్ళకని ఇక్కడ చేర్పించిన స్కూల్‌కి వెళ్ళే హడావుడిలో, ఒక కాలికి షూ వేసుకుని గెంతులు వేసింది. నీ వెనక కిటికీలో మంచు పడుతోంది. రోడ్డు జారుతుందేమో, ఈ ఒక్క రాత్రికి అక్కడే పడుకోవచ్చుగా అన్నాను. నవ్వావు.

వంతెన మీద కారు జారిందని చెప్పారు.

యూనిఫామ్‌లో ఇద్దరు గుమ్మంలో నిలబడ్డప్పుడు నేను అప్పడాలు వేయిస్తున్నాను. వాళ్ళు నోరు తెరవక ముందే నాకు తెలిసిపోయింది. ఆర్మీ వాడి పెళ్ళాన్ని కదా, వాళ్ళు ఎందుకొస్తారో మాకు ఒకరు చెప్పక్కర్లేదు. స్టవ్ లతక్క ఆపిందట. నాకు గుర్తులేదు.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. ఆద్యకి చెప్పలేదు రఘూ.

ఆ రోజు అది స్కూల్ నుంచి వచ్చేలోపే ఇంటి నిండా జనం. చిన్నపిల్ల, ఇప్పుడే ఎందుకు, మెల్లగా చెబుదాం అంది లతక్క. అందరూ అదే అన్నారు. నేనూ తలూపాను. మన ఇళ్ళల్లో అంతే కదా, పెద్దవాళ్ళందరూ ఏడుస్తూ ఉంటారు, పిల్లల్ని పక్కింటికి పంపించేస్తారు. అబద్ధం కూడా వెతుక్కోవలసిన పని లేకపోయింది. నాన్న ఫీల్డ్‌కి వెళ్ళారు అన్నాం, అంతే. ఫీల్డ్ అంటే అడవిలో టెంట్లు, ఫోన్ ఉండదు, ఎప్పుడొస్తారో అడగకూడదు... ఇదంతా నువ్వు నేర్పిందే. మరో పిల్లయితే నమ్మేది కాదు. నీ పిల్ల నమ్మింది.

నిన్ను సాగనంపిన రోజు తెలిసిన ఒక ఆంటీ దాన్ని జూకి తీసుకెళ్ళింది. అక్కడ నీ పెట్టె మీద జెండా తీసి, మడిచి నా చేతిలో పెడుతుంటే, ఇది జిరాఫీకి ఆకులు తినిపిస్తోంది. సాయంత్రం వచ్చి దాని నాలుక ఎంత నల్లగా ఉందో చూపించడానికి నా ముందు నాలుక చాపింది. నేను నవ్వాలి. నవ్వాను.

నీ ఫోటోకి దండ వేసి నా గదిలో బట్టల క్లోజెట్‌లో పెట్టాం. ఆ జెండా కూడా అందులోనే. ఆద్య స్కూల్ బస్ ఎక్కాక తలుపు తీసి దీపం పెడతాను. మూడింటికల్లా ఆర్పేసి తలుపు వేసేస్తాను. నా సూట్‌కేసుల మధ్యన, కోట్ల కింద నువ్వు. ఇలా దొంగతనంగా ఏ ఇంట్లోనైనా దీపం పెడతారా? నా మెడలో నల్లపూసలు, నుదుట బొట్టు అలాగే ఉన్నాయి. ఆద్య కోసమని అందరూ ఊరుకున్నారు. నా కోసమని ఎవరికీ తట్టలేదు.

అది మాత్రం రోజూ ఒకటే అడిగేది. మూఢం ఓవర్ అయిందా అమ్మా అని. దాని లెక్కలో మూఢం అంటే ఏదో వాన లాంటిది, తగ్గగానే విమానం ఎక్కడమే. ఇంకా లేదమ్మా అని లతక్క, ఇంకా లేదని నేను. ఇంత పొడుగు మూఢం లోకంలో ఎవరికైనా పట్టిందా! దాని బ్యాగ్ సర్దుకుని మంచం కిందే పెట్టుకుంది. మీనూకి చలి ఎక్కువని తన స్వెట్టర్ ఒకటి అందులో పెట్టింది.

ఆర్మీ తరఫున మన వ్యవహారాలు చూసే ఆఫీసరమ్మాయి మంచిదే. జర్మనీ నుంచి సామాను ఎక్కడికి తెప్పించమంటారు అని అడిగింది. అత్తయ్య నరసరావుపేట వచ్చెయ్యమంటారు. మా అన్నయ్య హైదరాబాద్ అంటాడు. నన్ను అడిగినవాళ్ళు లేరు, అందరూ చెప్పేవాళ్ళే. ఆద్యని ఇంకో స్కూల్ మార్చే ఓపిక నాకు లేదు. ఇక్కడే, బావగారింటికి దగ్గర్లో రెండు గదుల అపార్ట్‌మెంట్ తీసుకున్నాను. సామాను అక్కడికే రమ్మన్నాను.

లారీ శుక్రవారం అన్నారు. లతక్క ఫోన్‌లో ఏదో చూసి, అమావాస్య పడింది, సోమవారానికి మార్చమందాం అంది. రఘూ, నేను నోరు చేసుకున్నాను. తన ఇంట్లో ఇన్నాళ్ళు అన్నం పెట్టిన మనిషి మీద గయ్యిమన్నాను. ఈ జన్మకి నేనింక మంచిరోజు చూడను, పాలూ పొంగించను అన్నాను. ఆవిడ వచ్చి మీనూని నా చేతుల్లోంచి తీసుకుంది. తర్వాత వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

లారీ శుక్రవారమే అని ఖాయమైంది, కానీ ఆ లారీలో ఆద్య సైకిల్ ఉంది. జర్మనీకని ప్యాక్ చేసినప్పుడు ఆ అట్టపెట్టె మీద తన పేరు తనే రాసుకుంది. అది ఇక్కడ దిగిందంటే ఇంక మనం వెళ్ళడం లేదని దానికి తెలిసిపోతుంది. సైకిల్ చూసి తెలుసుకోకూడదు కదా. నేనే చెప్పాలి.

నిన్న స్కూల్‌కి కార్ తీసుకుని వెళ్ళాను. ఇంటికి తీసుకురాలేదు, ఇంట్లో అందరూ ఏడుస్తారు. ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో ఆపాను. మీనూ వెనక సీట్లో నిద్రపోతోంది. ఏసీ నడుస్తోంది. దేవుడి దగ్గరికి వెళ్ళారు, చుక్కైపోయారు, అలాంటివి చెప్పొద్దని స్కూల్లో కౌన్సిలర్ గట్టిగా చెప్పింది. అందుకని ఉన్నదున్నట్టు చెప్పాను. నాన్న ఫీల్డ్‌లో లేరు, చలికాలంలో కార్ యాక్సిడెంట్‌లో చనిపోయారు అన్నాను.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. సీట్ బెల్ట్ పట్టుకుని లాగుతూ కూర్చుంది. ఫీల్డ్ అని ఎందుకు చెప్పారని అడిగింది. అబద్ధం చెప్పాం అన్నాను. పెద్దమ్మకి తెలుసా అంది, తెలుసన్నాను. పెదనాన్నకి, జూకి తీసుకెళ్ళిన ఆంటీకి, తన టీచర్‌కి... అందరికీ తెలుసు, ఒక్క దానికే తెలియదు. ఒక్కొక్క పేరూ అడుగుతుంటే నాకు అక్కడే చచ్చిపోవాలనిపించింది. స్టోర్‌లోకి వెళ్ళేవాళ్ళని, వచ్చేవాళ్ళని చూసింది.

అప్పుడు నా వైపు తిరిగి, "నాన్నకి తెలుసా?" అంది.

నాన్నకి ఏం తెలియాలి అన్నాను.

"నాకు ఎవరూ చెప్పలేదు కదా అమ్మా, అందుకే నేను వెయిట్ చేశాను. నాన్నకి కూడా ఎవరూ చెప్పకపోతే... ఆ ఇంట్లో మనకోసం వెయిట్ చేస్తుంటారు. నువ్వు చెప్పు."

అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మీనూ లేచి, ఎందుకో తెలియకుండా అదీ ఏడ్చింది. సరుకులు కొనకుండానే ఇంటికి వచ్చేశాం.

నాన్నకి చెప్తానని దానికి మాటిచ్చాను. అందుకే కూర్చుని ఇదంతా రాస్తున్నాను. పక్కనే ఉంది, ఇంకా చెప్పలేదా అని అడుగుతోంది.

రఘూ, నువ్వు చనిపోయావు. మేం ఇంక రావడం లేదు. ఎదురుచూడకు.

సిరి